మధ్యలో ఆడే పిల్ల

పోస్టు కొంచెం పెద్దదే. టైం చూసుకుని చివరిదాకా చదవండి. చివర్లో మీతో ఒక పని ఉంది.

గుగులోత్ సౌమ్య పేరు మీలో ఎంతమందికి తెలుసు? నాకు తెలిసి చాలామందికి తెలియదు. క్రికెట్‌లో ఎవరు ఏ బాల్‌కి అవుటయ్యారో చెప్పే మన తమ్ముళ్లు కూడా ఈ పేరు చెప్తే "ఎవరన్నా ఆమె?" అంటారు. ఆమె మన లంబాడీ బిడ్డ. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చింది. 2001లో పుట్టింది. ఫుట్‌బాల్ ఆడుతుంది. మిడ్‌ఫీల్డ్‌లోనూ, వింగ్ మీదా ఆడుతుంది. 2024-25 సీజన్‌కి దేశం మొత్తం మీద ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణి అవార్డు ఆమెకే ఇచ్చారు. అదే జిల్లా నుంచి మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. పూర్ణ మీద సినిమా కూడా వచ్చింది. సౌమ్య గురించి మాత్రం మన తండాల్లో మాట్లాడుకోవడం నేను వినలేదు.

ఆమె ప్రయాణం ఒకసారి చూడండి. ముంబయి క్లబ్ కేంక్రేకి ఆడింది. తర్వాత గోకులం కేరళకి ఆడింది. 2021 నాటికి ఇండియా సీనియర్ జట్టులో ఉంది. 2022లో మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్‌కి సంతకం పెట్టింది. భాష రాదు, తిండి వేరు, చలి వేరు. మళ్ళీ ఇండియా వచ్చి, కలకత్తా ఈస్ట్ బెంగాల్‌లో చేరింది. 2024-25లో ఆ జట్టు మొదటిసారి ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. 2025 జులై 5న మన ఆడపిల్లల జట్టు థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి ఆసియా కప్‌కి అర్హత సాధించింది. ఆ అర్హత పోటీలకు వెళ్లిన జట్టులో సౌమ్య ఉంది. ఆ రోజు రెండు గోల్స్ కొట్టింది కూడా ఒక మిడ్‌ఫీల్డరే, సంగీతా బస్‌ఫోర్. అవే పోటీల్లో మంగోలియా మీద 13-0తో గెలిచిన మ్యాచ్‌లో ఐదు గోల్స్ కొట్టిన ప్యారీ ఖాఖా ఒడిశా ఆదివాసీ బిడ్డ.

ఫుట్‌బాల్ మనకు కొత్త అనుకోకండి. 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం వచ్చినప్పుడు ఇండియా కోచ్ హైదరాబాద్ మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. కాకపోతే ఆ ఆట అంతా సిటీలో, సికింద్రాబాద్ గ్రౌండుల్లో ఉండేది. తండాకి రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్తా.

మాది కంచికచర్లకి లోపలగా ఉన్న తండా. నేను డిగ్రీ అయిపోయి ఒక క్వారీ దగ్గర కాంటా రాస్తున్నా. మా కాకా కూతురు తొమ్మిదో తరగతి, హాస్టల్‌లో ఉండి చదువుతోంది. వాళ్ల స్కూల్లో ఫుట్‌బాల్ లేదు. ఉన్నది ఒకే ఒక్క వాలీబాల్. దాన్నే కాళ్లతో ఆడతారు. గ్రౌండ్‌లో సగం కంకర. ఈ పిల్ల ఎప్పుడూ మధ్యలో ఆడుతుంది. గోల్ కొట్టే పిల్లలకి చప్పట్లు కొడతారు, ఈమెకి ఎవరూ కొట్టరు. నేను ఒకసారి అడిగా, "ఏమ్మా, నువ్వు ముందుకెళ్లి గోల్ కొట్టొచ్చుగా?" అని. "భియా, నేను ముందుకెళ్తే వెనక ఎవరుంటారు? బంతి అటు పోవాలన్నా ఇటు రావాలన్నా నా దగ్గరికే రావాలి" అంది.

ఆ మాట తర్వాత నేను మ్యాచ్‌లు వేరేగా చూడటం మొదలుపెట్టా. బంతి ఉన్న చోట కాకుండా మిడ్‌ఫీల్డర్ ఉన్న చోట చూశా. పెద్ద స్థాయి మ్యాచ్‌లో మిడ్‌ఫీల్డర్ 90 నిమిషాల్లో 10 నుంచి 12 కిలోమీటర్లు పరిగెడతారు. ఇంచుమించు కంచికచర్ల సెంటర్ నుంచి పరిటాల పోయి మళ్ళీ తిరిగొచ్చినంత. అంత పరిగెత్తినా బంతి కాళ్ల దగ్గర ఉండేది కొద్ది నిమిషాలే. మిగతా టైం అంతా తల తిప్పి చూసుకోవడమే. నా వాళ్లు ఎక్కడున్నారు, ఎదుటివాళ్లు ఎక్కడున్నారు, ఖాళీ ఎక్కడుంది. బంతి వచ్చేలోపే ఎవరికివ్వాలో తేల్చుకోవాలి. వచ్చాక ఆలోచిస్తే అప్పటికే పోయినట్టే.

మిరప చేలో మా యాడి కూడా ఇంతే. పది సాళ్లలో ఎవరు వెనకబడ్డారో తల ఎత్తకుండానే చెప్తది. తన సాలు అయ్యాక వాళ్ల సాలులోకి వెళ్తది. కూలి మాత్రం అందరికీ ఒకటే.

ఈ మధ్య ఆ పిల్లని జిల్లా సెలెక్షన్స్‌కి పంపుదామని వాళ్ల పీఈటీ మేడం అంది. తేదీలేమో సరిగ్గా మిరప కోతల్లో పడ్డాయి. కాకా వద్దన్నాడు. ఆయన మాట మన భాషలో అన్నది తెలుగులో చెప్తున్నా: "కోతలకి ఇద్దరు తక్కువున్నారు. అదీగాక వచ్చే ఏడు పదో తరగతి అయిపోద్ది, సంబంధాలు అడుగుతున్నారు. నిక్కరేసుకుని ఊళ్లు తిరిగిన పిల్లని ఎవరు చేసుకుంటార్రా?"

కాకా మీద నాకు కోపం లేదు. ఆయన రెండెకరాల కౌలు చేస్తాడు. పోయినేడు కాయ రేటు పడిపోయి అప్పు మిగిలింది. ఆయన లెక్క ఆయనది. అందుకే నేను కూడా లెక్కే చెప్పా. కాంటా రాసేవాణ్ణి కదా, నాకొచ్చింది అదే.

"కాకా, నీ కూతురు సౌమ్య అవుతదని నేను చెప్పట్లేదు. లక్షలో ఒకళ్లు అవుతారు. కానీ 2016-17 దాకా ఆడపిల్లలకి జాతీయ లీగే లేదు, ఇప్పుడుంది. విమెన్స్ లీగ్ క్లబ్బుల్లో కనీసం పదిమంది మన దేశపు అమ్మాయిలకి ఏడాదికి 3.2 లక్షలకి తగ్గకుండా కాంట్రాక్టు ఇవ్వాలని 2023లో ఫెడరేషన్ నిర్ణయం చేసింది. అంటే నెలకి పాతికవేల పైన. అంతదాకా పోకపోయినా, రాష్ట్రానికి ఆడితే స్పోర్ట్స్ కోటా ఉంది. రైల్వే ఉంది, పోలీస్ ఉంది, కాలేజీ సీట్లు ఉన్నాయి. ఏదీ కాకపోయినా చదువు ఆగదు. నాలుగు రోజుల కూలి పోతది. ఆ నాలుగు రోజులు నేను క్వారీకి సెలవు పెట్టి చేలోకి వస్తా."

కాకా ఏమీ అనలేదు. బీడీ ముట్టించుకున్నాడు. కాకీ మాత్రం లోపల్నుంచి, "బూట్లు ఎంతవుతయిరా?" అని అడిగింది.

ఇక్కడ ఒక మాట ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆట మన కష్టాలన్నీ తీర్చేస్తది అనడం అబద్ధం. జార్ఖండ్ ఆదివాసీ బిడ్డ అష్టమ్ ఒరావ్ 2022లో మన దేశంలో జరిగిన అండర్-17 ప్రపంచ కప్‌లో ఇండియా కెప్టెన్. ఆమె పేరుతో ఊరికి రోడ్డు వేస్తుంటే, ఆ రోడ్డు పనిలోనే ఆమె అమ్మానాన్నలు కూలి చేశారు. పేపర్లలో వచ్చింది, మీలో కొందరు చదివే ఉంటారు. బిడ్డ దేశానికి కెప్టెన్ అయినా ఇల్లు వెంటనే మారలేదు. కాబట్టి పిల్లల్ని ఆశలతో ఊదరగొట్టొద్దు. పంపేటప్పుడే చదువు పక్కన పెట్టనివ్వకండి. దెబ్బ తగిలితే ఎవరు చూస్తారో, హాస్టల్ భద్రంగా ఉందో లేదో, ఆడపిల్లల వెంట ఆడ టీచర్ వస్తుందో లేదో అడిగి తెలుసుకోండి. ఆడిన ప్రతి పోటీ సర్టిఫికెట్ జాగ్రత్త చేయండి. కుల ధ్రువీకరణ, పుట్టినతేదీ కాగితాలు ముందే తీయించి పెట్టండి. ఆఖరి నిమిషంలో కాగితం లేక ఆగిపోయిన పిల్లల్ని చూశాను.

కానీ అసలు పంపకపోతే ఏదీ తేలదు. మగపిల్లలం మనం ఆదివారం వస్తే బ్యాట్ పట్టుకుని బీడుకి పోతాం, ఎవరూ ఏమీ అనరు. మన చెల్లెలు బంతి తన్నితే మాత్రం పెళ్లి గుర్తొస్తది. మన చెల్లెళ్లకి బలం లేదనీ, ఊపిరి లేదనీ ఎవరూ అనలేరు. పొద్దున నాలుగింటికి లేచి నీళ్లు మోసి, చేలో వంగి, సాయంత్రం చదువుకునే పిల్లలు వాళ్లు. వాళ్లకి లేనిది గ్రౌండు, ఒక బంతి, "పోయిరా" అనే ఒక్క మాట. ఆ మాట ఇంట్లో వాళ్లే అనాలి.

ఇక మీతో పని. సెలెక్షన్స్ ఇంకా పన్నెండు రోజులున్నాయి. కాకా సరే అనలేదు, వద్దు అని మళ్ళీ అనలేదు. ఈ గ్రూపులో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చిన అన్నలు, అక్కలు ఉన్నారని తెలుసు. రాష్ట్రానికి ఆడిన వాళ్లు కూడా ఉన్నారు. మీలో ఒక్కరు, అక్కలైతే మరీ మంచిది, మా కాకాతో ఫోన్‌లో ఐదు నిమిషాలు మాట్లాడండి. మన భాషలోనే మాట్లాడండి. నా లెక్కలు ఆయన విన్నాడు. ఆడి, ఇంటికి తిరిగొచ్చి, తండాలో తలెత్తుకుని తిరుగుతున్న మనిషి గొంతు ఆయన ఇంకా వినలేదు. మాట్లాడతామన్న వాళ్లు నాకు మెసేజ్ పెట్టండి, సాయంత్రం ఏడు తర్వాత కాకా ఇంట్లోనే ఉంటాడు.

బూట్ల సైజు నాలుగు. అవి నేను కొంటా.