గాలి తప్పేం లేదు

ఈ భాగం ఒక దిద్దుబాటు.

పోయినేడాది ఇదే గోడ మీద ఒక ఫొటో పెట్టాను. ముక్కు విరిగిన రిమోట్ విమానం, కింద రెండు వాక్యాలు. "మా చవుడు భూమిలో ఎగరేశాం. సముద్రపు గాలి ఎత్తి కొట్టింది." చాలామంది ధైర్యం చెప్పారు. పడినా లేస్తామని ఒక తమ్ముడు రాస్తే గుండె గుర్తు కూడా పెట్టాను.

ఆ రోజు గాలి లేదు. మా పక్కింటి కుర్రాడు తీసిన వీడియో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. వెనకున్న తాటిచెట్ల మీద ఒక్క ఆకు కూడా కదల్లేదు. విమానం నేల విడిచిన దగ్గర్నుంచి ముక్కు నేలలో దిగేదాకా పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్ల వెనక నా పాతికేళ్ల సిగ్గు ఉంది. ఇవాళ అది చెప్తాను.

మా పెద్దక్క కూతురు డిగ్రీ చదువుతోంది. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ కేడెట్. ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్పుతారు, వాయు సైనిక్ క్యాంపులో దాని మీద పోటీలు కూడా ఉంటాయి. కాలేజీలో ఒక్క విమానానికి నలభై మంది. రిమోట్ చేతికొచ్చేసరికి టైమ్ అయిపోతుంది. "మనకే ఒకటి ఉంటే సెలవుల్లో నేర్చుకుంటా మావయ్యా" అంది. అక్క చీటీ పాడింది. ఆ డబ్బులోంచి 15 వేలు నా చేతిలో పెట్టి, "నువ్వు పాలిటెక్నిక్ చదివినోడివి గదరా, చూసి కొను" అంది.

నాకేం తెలీదు. "నేను చూసుకుంటాలే అక్కా" అన్నాను.

రిమోట్ విమానాలు రకరకాలుగా అమ్ముతారు. కర్రముక్కలు, ప్లాన్ కాగితం ఇచ్చి మొత్తం మనమే కట్టుకొమ్మనేది కిట్. పెట్టె తెరిచి బ్యాటరీ పెట్టి ఎగరేసేది ఆర్‌టీఎఫ్. ఈ రెండిటికీ మధ్యలో ఉండేది ఏఆర్ఎఫ్. బాడీ, రెక్కలు, తోక కట్టేసి, మీద రంగు ఫిల్మ్ అతికించి ఇస్తారు. వాటిని జోడించడం, మోటారు, సర్వోలు, రిసీవర్ బిగించడం, బరువు సరిచూడడం మన పని. "దాదాపు తయారు" అని దాని పేరు. ఆ "దాదాపు"లోనే ఉంది అసలు కథంతా.

నేను కొన్నది పీ-51 మస్తాంగ్ నమూనా, రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్. సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. చూడ్డానికి భలే ఉంది. రెక్క బాడీ కింద ఉంటుంది, చివరికొచ్చే కొద్దీ సన్నబడుతుంది. వేగం తగ్గితే రెక్క చివర పట్టు తప్పి ఒక్కసారిగా ఒరిగిపోయే రకం. కొత్తవాళ్లు ముట్టుకోకూడని విమానం. ఎవర్నడిగినా అరనిమిషంలో చెప్పేవారు. నేను ఎవర్నీ అడగలేదు.

ఎందుకు అడగలేదో చెప్పాలంటే పాలిటెక్నిక్ రెండో సంవత్సరానికి వెళ్లాలి. ల్యాబ్‌లో ఆసిలోస్కోపు. గీత నిలబడట్లేదు, అటూ ఇటూ పారిపోతోంది. చెయ్యెత్తి, "సార్, ఇది ఎట్లా ఆపాలి?" అని అడిగాను. ఆయన నా దగ్గరికి రాలేదు. ఉన్నచోటు నుంచే, "నీ ర్యాంకెంత? ఏ కోటాలో వచ్చావ్?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నా బ్యాచ్‌లో ఉన్న మనోడు కూడా నవ్వాడు, నవ్వకపోతే వాణ్నీ అడుగుతారని భయం. ట్రిగ్గర్ అనే ఒక్క బటన్ తిప్పితే గీత ఆగుతుందని నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. మిగతా చదువంతా రికార్డులు కాపీ కొట్టి గట్టెక్కాను. ఆ రోజు తర్వాత ఇంకెవర్నీ ఏమీ అడగలేదు.

మీటింగుల్లో మీ అందరికీ "ప్రశ్నించండి" అని చెప్పేది నేనే. కలెక్టరాఫీసు ముందు మైకు పట్టుకుని ప్రశ్నించడానికి నాకు ఏనాడూ భయం లేదు. కానీ ప్రశ్నించడం వేరు, అడగడం వేరు. ప్రశ్నించేటప్పుడు మనకి తెలుసు, ఎదుటోడు జవాబు చెప్పాలి. అడిగేటప్పుడు మనకి తెలీదని ముందు మనమే ఒప్పుకోవాలి. మొదటిది నాకు వచ్చు. రెండోది ఆ ల్యాబ్‌లోనే పోయింది.

ఆ మస్తాంగ్‌ని వీడియోలు చూసి రెండు రాత్రుల్లో బిగించేశాను. స్టిక్ కదిపితే రెక్కల మీద పలకలు కదిలాయి. కదిలాయి కదా, చాలనుకున్నాను. వాడలో పిల్లలందరూ వచ్చారు. నేల విడవగానే ఎడమకి ఒరిగింది. స్టిక్ కుడికి తోశాను. ఇంకా ఎడమకి ఒరిగింది. ఇంకా కుడికి తోశాను. అయిపోయింది. అక్క ఏమీ అనలేదు. ముక్కలు ఏరి గోనెసంచిలో వేసింది. నేను గాలి అన్నాను. మేనకోడలు తాటిచెట్ల వైపు ఒకసారి చూసి ఊరుకుంది.

మళ్లీ 15 వేలు కూడబెట్టడానికి నాకు పది నెలలు పట్టింది. ఈసారి పిల్ల నన్ను కదలనివ్వలేదు. వాళ్ల యూనిట్‌లో ఏరోమోడలింగ్ నేర్పి రిటైరైన ఒక పెద్దాయన నంబరు సంపాదించింది. నా ముందే స్పీకర్ పెట్టి, "సార్, మాకేం తెలీదు. ఒకటి పగలగొట్టుకున్నాం. ఎట్లాంటిది కొనాలి?" అనేసింది. నాకు చెవులు వేడెక్కాయి. ఆయన నవ్వుతాడనుకున్నా. "ఎట్లా పగిలిందమ్మా?" అని అడిగాడు. గంటసేపు మాట్లాడాడు.

ఆయన చెప్పింది, మేం చేసింది మీకూ చెప్తాను. ఎవరికన్నా పనికొస్తుంది.

మొదటి విమానం ట్రైనర్ అయ్యుండాలి. రెక్క బాడీ పైన ఉండాలి, రెండు వైపులా చివర్లు కొంచెం పైకి లేచి ఉండాలి. అట్లాంటిది ఒరిగినా, చేతులు తీసేస్తే మెల్లగా తనే సర్దుకుంటుంది. రెక్క వెడల్పుగా ఉంటే నిదానంగా ఎగురుతుంది, మనం ఆలోచించుకునే టైమ్ ఇస్తుంది. బరువు 2 కిలోల లోపు చూసుకోమన్నాడు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు దాటి 2 కిలోల దాకా మైక్రో తరగతి, వ్యాపారానికి కాకుండా ఎగరేసుకుంటే పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. ఎక్కడ ఎగరేస్తున్నామో మాత్రం డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవాలి. మాది రేపల్లె వైపు. సూర్యలంకలో వాయుసేన స్థావరం ఉంది కాబట్టి ముందు అదే చూశాం. మా భూమి ఆకుపచ్చ జోన్‌లోనే ఉంది.

మోటారుకి ఆయన చెప్పిన లెక్క సులువు. ట్రైనర్‌కి కిలో బరువుకి 150 నుంచి 200 వాట్లు చాలు. మాది కిలోన్నర, అంటే 300 వాట్లలోపు. మూడు సెల్లుల లైపో బ్యాటరీ 11.1 వోల్టులు, భాగిస్తే 27 ఆంపియర్లు. అందుకని మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ 40 ఆంపియర్లది తీసుకున్నాం. రిమోటు, రిసీవరు, సర్వోలు పాత విమానంలోవే. సర్వోల పళ్లు విరిగాయేమో ఒక్కోటీ తిప్పి చూసి మరీ వాడుకున్నాం.

బిగించడానికి మూడు ఆదివారాలు పట్టింది. తోక అతికించే చోట రంగు ఫిల్మ్ తీసెయ్యాలి. జిగురు కర్రకి పట్టాలి గానీ ప్లాస్టిక్‌కి కాదు. నేను బ్లేడు గట్టిగా నొక్కబోతుంటే పిల్ల చెయ్యి పట్టుకుంది. కింద ఉన్నది బాల్సా కర్ర. బ్లేడు గాటు పడితే సరిగ్గా అక్కడే గాలిలో విరుగుతుంది. సోల్డరింగ్ ఐరన్ మొనతో ఫిల్మ్‌ని కరిగించి గీత గీసి ఒలిచాం. తోక పెట్టాక రెక్క చివర్ల నుంచి తోక చివర్లకి దారం పట్టి కొలిచాం. ఒక వైపు 4 మిల్లీమీటర్లు ఎక్కువొచ్చింది. జిగురు ఆరకముందే సరిచేశాం. అరగంట ఎపాక్సీ ఎందుకు వాడమన్నాడో అప్పుడర్థమైంది. ఐదు నిమిషాల్లో గట్టిపడేదైతే ఆ తప్పు అట్లాగే ఉండిపోయేది.

తర్వాత బరువు. విమానం ఏ గీత మీద సమంగా నిలబడుతుందో అదే సీజీ. మాన్యువల్‌లో రెక్క ముందంచు నుంచి 60 మిల్లీమీటర్లు అని ఉంది. మా రెక్క వెడల్పు 220, అంటే నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువ. బ్యాటరీ లోపల పెట్టి, ఆ గీత కింద రెండు వేళ్లతో ఎత్తితే తోక కిందికి దిగింది. తోక బరువైతే విమానం అదుపులో ఉండదు. బ్యాటరీని ముందుకి జరిపాం, ముక్కు రవ్వంత దించి నిలబడింది. పాత మస్తాంగ్‌కి నేను ఈ పనే చెయ్యలేదు.

మోటారు పరీక్షించేటప్పుడు ఫ్యాను తీసెయ్యాలి. వేళ్లు పోతాయి. మోటారు ఉల్టా తిరిగితే మూడు తీగల్లో ఏ రెండిటినైనా మార్చాలి. రిమోట్ ముందు ఆన్ చేసి తర్వాత విమానం బ్యాటరీ కలపాలి, తీసేటప్పుడు ముందు విమానం, తర్వాత రిమోట్. సిగ్నల్ తెగితే మోటారు దానంతటదే ఆగుతుందో లేదో కూడా ఫ్యాను లేకుండానే, రిమోట్ ఆపేసి చూశాం. ఆగింది.

మూడో ఆదివారం సాయంత్రం, "అంతా అయింది" అన్నాను. పిల్ల విమానం వెనక్కి వెళ్లి నిలబడింది. "సార్ వెనక నుంచే చూడమన్నాడు మావయ్యా. ముందు నుంచి చూస్తే కుడి ఎడమ తారుమారవుతాయంట. స్టిక్ కుడికి తొయ్యి."

తోశాను. కుడి రెక్క పలక కిందికి దిగింది.

ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. స్టిక్ కుడికి తోస్తే కుడి పలక పైకి లేవాలి, ఎడమది దిగాలి. అప్పుడే విమానం కుడికి ఒరుగుతుంది. మాది ఉల్టాగా ఉంది. రిమోట్‌లో పాత విమానం సెట్టింగే ఉంచేశాను. సర్వోలు కూడా ఆ పాతవే, బిగించింది కూడా అట్లాగే. ఆ రోజు విమానం ఎడమకి ఒరిగితే కుడికి తోశాను కదా. నేను తోసిన కొద్దీ అది ఇంకా ఎడమకి పోయింది. దాన్ని నేలకి కొట్టింది నా చెయ్యే. గాలి కాదు.

రిమోట్‌లో రివర్స్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. మార్చడానికి మూడు సెకన్లు పట్టింది.

లోపలికెళ్లి అక్కకి చెప్పాను. "ఆ రోజు గాలి కాదక్కా, నేనే తప్పు బిగించా. ఎవర్నీ అడక్కుండా బిగించా." అక్క బియ్యంలో రాళ్లేరుతోంది. "నాకు అప్పుడే తెల్సులేరా. గాలుంటే ఆరేసిన బట్టలు ఎగరవా?" అంది. అంతే. ఏడాది పాటు మోసిన అబద్ధం ఆమె దగ్గర ఒక్క రోజు కూడా నిలబడలేదన్నమాట.

మరుసటి ఆదివారం పెద్దాయన తన రిమోట్ తీసుకుని మొదటి బస్సుకి వచ్చాడు. మా తాతకి గవర్నమెంటోళ్లిచ్చిన ఎకరం చవుడు ఉంది. గడ్డి కూడా మొలవదు. పట్టా కాగితం పెట్టెలో, భూమి ఊరి బయట. ఇన్నేళ్లలో అది ఒక పనికొచ్చిందంటే ఆ రోజే. చదునుగా, గట్టిగా, రన్‌వే లాగా ఉంది. ఆరున్నరకి గాలి ఇంకా లేవలేదు. ముప్పై అడుగుల దూరం నడిచి, రేంజ్ చెక్ మోడ్‌లో పలకలు కదులుతున్నాయో లేదో చూశాం. ఆయన ప్రతి హింజ్‌నీ వేలితో లాగి చూశాడు. పిల్ల రిమోట్‌ని తన రిమోట్‌తో జత చేశాడు. తప్పు జరిగితే ఒక స్విచ్ వదిలేస్తే విమానం ఆయన చేతికొస్తుంది.

ఆయనే లేపాడు, పైకి తీసుకెళ్లి పిల్లకిచ్చాడు. రెండుసార్లు మళ్లీ తన చేతికి తీసుకున్నాడు. మూడోసారి తీసుకోలేదు. టైమర్ ఆరు నిమిషాలకి పెట్టాం. దిగాక కొలిస్తే బ్యాటరీ సెల్లుకి 3.8 వోల్టులుంది, ఇంకా ఎగరొచ్చు. కానీ ఆయన, "ఉన్నప్పుడే దిగడం నేర్చుకో అమ్మా" అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "మీరూ పట్టుకుంటారా?" అని అడిగాడు.

అలవాటుగా "నాకు వచ్చులెండి" అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"నాకు రాదు సార్. నేర్పుతారా?" అన్నాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో చాలామంది ఇప్పుడు ఏదో ఒక ల్యాబ్‌లో ఉన్నారు. గీత నిలబడకపోతే చెయ్యెత్తండి. ఎవరన్నా నవ్వితే ఆ నవ్వు సంగతి మనమందరం కలిసి చూద్దాం, దానికి ప్రశ్నించడం ఉంది. కానీ ఆ నవ్వుకి భయపడి మాత్రం అడగడం మానొద్దు. నేను మానేశాను. మా అక్క చీటీ డబ్బు పదకొండు సెకన్లలో పోయింది.

పాత పోస్టు తీసెయ్యలేదు. దాని కింద "గాలి తప్పేం లేదు" అని రాసి, ఈ భాగాన్ని జత చేస్తున్నాను. విమానం గురించి మీకేమన్నా సందేహముంటే అడగండి. నాకు తెలిస్తే చెప్తాను, తెలీకపోతే మా మేనకోడల్ని అడిగి చెప్తాను.

జై భీమ్.