సంఘపు పద్దులకు రెండవ ప్రతి



యిర్మీయా ప్రవక్త చెప్పగా బారూకు వ్రాసిన గ్రంథమును యెహోయాకీము రాజు కోసి నిప్పులో కాల్చివేశాడు (యిర్మీయా 36వ అధ్యాయము). ప్రవక్త మరల చెప్పాడు, బారూకు మరల వ్రాశాడు. రాయికోడ్‌లోని మా సంఘపు బాప్తిస్మ, వివాహ పద్దులను మరల చెప్పగలవారు లేరు. పాత రిజిష్టరును చెదలు తినివేశాయి. పేర్లన్నీ కంప్యూటరులోనే ఉన్నాయి.

ఒక దినము అది తెరుచుకోలేదు. లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. అంతకుముందు ఎవరిదో పెన్‌డ్రైవ్ పెట్టినప్పటినుండి ఫైళ్లు షార్ట్‌కట్లుగా మారాయి గనుక అందరూ వైరస్ అన్నారు. ఒక షాపులో ఫార్మాట్ చేస్తే సరిపోతుందన్నారు. చేస్తే పేర్లు పోతాయి. ఆ నెలలోనే సంఘములో ఒక అమ్మాయి పెండ్లి, ఆమెకు బాప్తిస్మ పత్రము కావాలి.

కంప్యూటరు పని తెలిసిన మా సంఘ యౌవనుడొకడు ఫార్మాట్ వద్దన్నాడు. "వైరస్ వ్రాతను చెరుపుతుంది, దాచుతుంది, తాళము వేస్తుంది. డిస్కును విరగ్గొట్టడము అరుదు. 1999 ఏప్రిల్ 26న చెర్నోబిల్ వైరస్ దాడిలో డిస్కులు చచ్చినట్టే కనబడ్డాయి. అది చెరిపినది ముఖ్యముగా డిస్కు మొదటి భాగమునే; చాలామందికి మిగిలిన సమాచారము దొరికింది. ఈ చప్పుడు మాత్రము సాధారణంగా లోపలి యంత్రము చెడిన గుర్తు అన్నా. ఆడించినకొద్దీ ఇంకా చెడుతుంది" అన్నాడు.

వెంటనే కంప్యూటరు ఆపించాడు. కేబుల్ మార్చి చూశాడు, ఫలితము లేదు. డిస్కు తీసి మరొక మంచి కంప్యూటరుకు తగిలించి, దానిమీద ఏమీ వ్రాయకుండా, అన్నిటికంటె ముందు బాప్తిస్మ, వివాహ పద్దులను కాపీ చేశాడు. అవి వచ్చాయి. కానుకల పద్దు సగము రాగానే డిస్కు ఆగిపోయింది. కాపీలను యాంటీవైరస్‌తో పరీక్షిస్తే వైరస్ కూడా దొరికింది. జబ్బులు రెండు, ఒకదాని లక్షణము చూసి రెండవదానికి మందు వేయబోయాము.

2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకు కూడా సోకింది. దానిని అడ్డుకొనే సవరణను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. కావున విండోస్ సవరణలు వాయిదా వేయకండి. బయటి పెన్‌డ్రైవ్‌ను పరీక్షించకుండా తెరవకండి.

ఇప్పుడు మేము ప్రతి నెలా పద్దులను రెండుచోట్ల కాపీ చేస్తున్నాము: ఒకటి పాస్టరు అయ్యగారి ఇంట, ఒకటి కోశాధికారి ఇంట, కంప్యూటరుకు తగిలించకుండా ఉంచుతాము. సంవత్సరమునకొకసారి కాగితముపై అచ్చు తీస్తాము. మీ సంఘ పెద్దలను ఈ ఆదివారమే అడగండి: మన రెండవ ప్రతి ఎక్కడ ఉన్నది?