పాల లెక్కతో మాంసం కొన్న కథ

మన సంఘంలో డాక్టర్లకి కొదవ లేదు. డాక్టర్ల దగ్గరికి షేర్ల కబుర్లు మోసుకొచ్చే మిత్రులకీ కొదవ లేదు. రోగి చెప్పినదాన్ని నాలుగు ప్రశ్నలు వేస్తేగాని నమ్మని మేము, భోజనాల దగ్గర మిత్రుడు చెప్పినదాన్ని ఒక్క ప్రశ్న కూడా వేయకుండా నమ్మిన వైనం ఇది. నీతులు చెప్పే అర్హత మాకు లేదు. ఉన్నదున్నట్టు రాస్తే ఇంకొకరికి పనికి రావచ్చునని రాస్తున్నాము.

2019 జూలై నాలుగున ఒక మిత్రుని పెరట్లో పది పన్నెండు తెలుగు కుటుంబాలు చేరాయి. ఏటా ఆ రోజున శాకాహారులకి కాల్చిన మొక్కజొన్న పొత్తులే గతి. ఆ ఏడు మాత్రం మిత్రుడు బియాండ్ మీట్ వారి బర్గర్లు తెచ్చి నిప్పుల మీద కాల్చాడు. బఠాణీల మాంసకృత్తులతో చేసి, బీట్‌రూట్ రంగు కలిపిన సరుకు అది. పిల్లలు లొట్టలు వేస్తూ తిన్నారు. అది చూసి మిత్రుడు లెక్క మొదలుపెట్టాడు.

"డాక్టరుగారూ, ఈ దేశంలో పాల వ్యాపారంతో పోలిస్తే బాదం, సోయా వగైరా పాలు 13 శాతం దాకా వచ్చాయి. మాంసం వ్యాపారం 27,000 కోట్ల డాలర్లు. అందులో 13 శాతం అంటే 3,500 కోట్లు! ఈ కంపెనీకి అందులో పిసరంత దక్కినా చాలదూ? మన పిల్లల్ని చూడండి, వద్దన్నా తింటున్నారు."

ఆ లెక్క ఆయన సొంతం కాదు. అంతకు ముందు మే నెలలో షేర్లు అమ్మకానికి పెట్టినప్పుడు కంపెనీ తన పత్రంలో రాసుకున్నదే. పాలకి జరిగినట్టే మాంసానికీ జరిగితే ఇంత అవుతుందని అందులో ఉంది. 25 డాలర్లకి ఇచ్చిన షేరు మొదటి రోజునే 65 దాటింది. జూలై చివరికి 230 దాటింది.

మా ఆవిడ ఒక్క ముక్క కొరికి పళ్ళెంలో పెట్టేసింది. "నీచు వాసన వస్తోందండీ. మాంసం తినేవాళ్ళకి కోడి ఉంది, మనకి పప్పు ఉంది. ఇది మళ్ళీ మళ్ళీ ఎవరు కొంటారు?" అంది. మేము నవ్వేశాము. స్టాక్ మార్కెట్టుకీ నీచు వాసనకీ ఏమిటి సంబంధం అనుకున్నాము.

అప్పటికి మా దగ్గర 12,000 డాలర్లు విడిగా ఉన్నాయి. తెనాలిలో ఉన్న మా అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. డిసెంబరులో వెళ్ళి దగ్గరుండి ఆపరేషను చేయిద్దామని దాచినవి అవి. రెసిడెన్సీ ముగించి ఏడాదే అయింది. చదువు అప్పులు పోగా మిగిలింది అంతే. జూలై ఆఖరి వారంలో ఆ డబ్బంతా పెట్టి షేర్లు కొన్నాము. అమ్మకి ఫోను చేసి, "ఇంకో ఆరు నెలలు ఓపిక పట్టమ్మా" అన్నాము. "నీకు వీలైనప్పుడే కానీలే నాయనా" అంది.

డిసెంబరు చివరికి షేరు 75 డాలర్ల దగ్గర ఉంది. కొన్న ధర వస్తేగాని అమ్మకూడదని పట్టుదల పట్టాము. 2020 మార్చిలో విమానాలు ఆగిపోయాయి. తరువాత ఆసుపత్రులు అత్యవసరం కాని ఆపరేషన్లు వాయిదా వేశాయి. అమ్మకి కత్తి పడేసరికి 2022 డిసెంబరు వచ్చింది. మూడేళ్ళు ఆవిడ గోడ పట్టుకుని నడిచింది. అప్పటికి షేరు ధర 15 డాలర్లు కూడా లేదు.

ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కన కూర్చుని మిత్రుని లెక్కని మళ్ళీ వేసి చూశాము. గుణకారంలో తప్పు లేదు. మొదటి వాక్యంలోనే ఉంది తిరకాసు: పాలకి జరిగినది మాంసానికి ఎందుకు జరగాలి? పెద్దవయసు వచ్చాక పాలలోని చక్కెర అరగనివాళ్ళు ప్రపంచంలో సగానికి మించి ఉన్నారు. పాలు తాగితే కడుపుబ్బరం. అలాంటివాడు బాదం పాలకి ఒకసారి మారితే మళ్ళీ వెనక్కి రాడు. వాడి కడుపే వాణ్ణి రానివ్వదు. మాంసం తినేవాడికి అటువంటి బాధ ఏదీ లేదు. రోజూ రోగులకి ఈ సంగతి చెప్పే మాకు, అది ఆ పూట తోచలేదు.

రెండోది, ఒకసారి రుచి చూడడం వేరు, వాడుక వేరు. రక్తపోటు మాత్రలు రాసిస్తాం. మొదటి సీసా అందరూ కొంటారు. ఆరో నెలలో ఎంతమంది మింగుతున్నారన్నది వేరే ప్రశ్న. మా ఆవిడ అడిగింది సరిగ్గా అదే.

మూడోది, పెరట్లోని పిల్లలు అమెరికా కాదు. ఆసుపత్రిలో కూర్చున్నవాడికి ఊరంతా జబ్బుగానే కనిపిస్తుంది. శాకాహారుల మధ్య కూర్చున్న మాకు దేశమంతా మాంసం మానేస్తున్నట్టు కనిపించింది.

నాలుగోది, వాడుక పెరిగినా లాభం ఎవరిది? ఆ కంపెనీలో వాటా ఉన్న టైసన్ వారు షేర్లు బజారుకి రాకముందే దాన్ని అమ్ముకున్నారు. జూన్‌లో తమ సొంత సరుకు ప్రకటించారు. ఆగస్టులో బర్గర్ కింగ్ వారు దేశమంతటా ఇంపాజిబుల్ వారి బర్గరు అమ్మారు. బియాండ్ అమ్మకాలు 2019లో సుమారు 30 కోట్ల డాలర్లు, 2021లో 46 కోట్లు. అంటే అమ్మకాలు పెరిగాయి. అయినా ఆ 2021లోనే 18 కోట్ల నష్టం వచ్చింది. 2022లో అమ్మకాలు కూడా తగ్గాయి. మేము కొన్ననాటి ధరని బట్టి కంపెనీ విలువ ఏడాది అమ్మకాలకి నలభై రెట్ల పైమాటే. అన్నీ అనుకున్నట్టు జరిగినా, ఆ లాభాన్ని మేము ముందే చెల్లించేశాము.

తప్పు మిత్రుడిది కాదు, ఆయనా పోగొట్టుకున్నాడు. కంపెనీది అసలే కాదు. తన నష్టాలను తానే అచ్చువేసి బయటపెట్టింది. చదవనిది మేము. మందుల కంపెనీ మనిషి వచ్చి, "ఈ మందు గుండెకి పనిచేసింది కనుక కాలేయానికీ పనిచేస్తుంది" అంటే గది బయటికి పంపేవాళ్ళం. అదే మాట మిత్రుడు డాలర్లలో చెప్పేసరికి ఇంకో పళ్ళెం వడ్డించుకున్నాము.

అమ్మ ఇప్పుడు ఊతం లేకుండా రామాలయం దాకా నడిచి వస్తోంది. ఆలస్యం ఎందుకయిందో ఇంతవరకు ఆవిడకి చెప్పలేదు. ఈ పత్రిక ఒక ప్రతి తెనాలికి పంపుతున్నాము. చదివి ఏమంటుందో చూడాలి.