బాబాయ్ గారి రెండు సిలిండర్ల కారు

ఫైరింగ్ ఆర్డర్ ఏంటని అడిగితే మన మెకానికల్ వాళ్ళం నిద్రలో కూడా 1-3-4-2 అంటాం. పుస్తకంలో బొమ్మలన్నీ నాలుగు సిలిండర్లవే మరి. నాకు మాత్రం కారు ఇంజిన్ అంటే ముందు గుర్తొచ్చేది రెండు సిలిండర్లదే. తెనాలిలో మా బాబాయ్ కి స్టేషనరీ షాపు ఉంది, 2010లో కొన్న నానో ఉంది. రెంటిలో దేన్ని ఎక్కువ తుడుస్తాడో చెప్పడం కష్టం.

చూడనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. నానో ఇంజిన్ 624 సీసీ, అల్యూమినియంది, 35 హార్స్‌పవర్. అది ముందు ఉండదు, వెనక ఉంటుంది. ముందు బానెట్ ఎత్తితే స్టెప్నీ, పెట్రోలు పోసే మూత కనిపిస్తాయి. కొత్తగా చూసినవాళ్ళు "ఇంజిన్ ఏదండీ?" అని అడగడం, బాబాయ్ తాపీగా వెనక సీటు మడిచి చూపించడం మా ఇంట్లో ఎన్నేళ్ళైనా పాతబడని వినోదం. మొదటి మోడల్ కి వెనక డోరు కూడా తెరుచుకోదు, లోపల్నుంచే వెళ్ళాలి. చక్రానికి మూడే బోల్టులు, అద్దానికి ఒకటే వైపరు. ఎక్కడ ఏది తీసేయొచ్చో అక్కడ తీసేశారు. ఆ లెక్కలోనే రెండు సిలిండర్లు కూడా పోయాయి.

వీధిలో అందరూ ఆ కారుని "ఆటో" అనేవాళ్ళు, శబ్దం వల్ల. సెకండియర్ లో ఓ రోజు కూర్చుని లెక్క వేశాను. ఫోర్-స్ట్రోక్ లో ఒక్కో సిలిండర్ క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి పేలుతుంది. ఐడిల్ 900 ఆర్.పి.ఎం. అనుకోండి, అంటే సెకనుకి 15 చుట్లు. నాలుగు సిలిండర్లుంటే సెకనుకి 30 పేలుళ్ళు, చెవికి అది ఒకటే ధారలా ఉంటుంది. రెండే ఉంటే 15. మరి పాత టూ-స్ట్రోక్ ఆటో? ఒకే సిలిండర్, కానీ చుట్టుకొకసారి పేలుతుంది. అదీ 15! వీధిలోవాళ్ళ వెక్కిరింతలో లెక్క తప్పు లేదన్నమాట.

శబ్దం సంగతి అలా ఉంటే, ఊపు సంగతి ఇంకోటి. రెండు సిలిండర్లతో ఓ పేచీ ఉంది. పిస్టన్లు రెండూ జంటగా పైకీ కిందికీ వెళ్తే పేలుళ్ళు సమానమైన ఎడంతో వస్తాయి, కానీ బరువంతా ఒకేసారి ఊగుతుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి పెడితే ఆ ఊపు చాలావరకు సర్దుకుంటుంది, పేలుళ్ళు మాత్రం కుంటి నడకలా తయారవుతాయి. ఎటు వెళ్ళినా ఎంతో కొంత మిగులుతుంది. అందుకే నానోలో ఒక బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టారు. పైసా పైసా కోసిన కారులో, చక్రం కదలడానికి ఏమాత్రం పనికిరాని ఇనప కడ్డీ ఒకటి, కేవలం కూర్చున్నవాళ్ళ సుఖం కోసం! నాకు ఆ కారులో అన్నిటికన్నా నచ్చింది అదే.

ఇదేమీ మనవాళ్ళే చేసిన వింత కాదు. ఇటలీలో 1957లో వచ్చిన ఫియట్ 500 కూడా రెండు సిలిండర్లదే, ఇంజిన్ వెనకే. 479 సీసీ, 13 హార్స్‌పవర్, నీళ్ళు కూడా అక్కర్లేదు, గాలితోనే చల్లబడేది. స్కూటర్ల మీద తిరిగే కుటుంబాలే దాన్ని కొన్నాయి. అదే కంపెనీ 2010లో ట్విన్‌ఎయిర్ అని 875 సీసీ రెండు సిలిండర్ల ఇంజిన్ తెస్తే, మరుసటి ఏడాది ప్రపంచ ఉత్తమ ఇంజిన్ బహుమతి దానికే వచ్చింది. బ్రోషర్లో రాసిన మైలేజీ రోడ్డు మీద రాలేదని అక్కడి యజమానులు చాలామంది విసుక్కున్నారు. శబ్దాన్ని మాత్రం చాలామంది ముద్దు చేశారు, పాత 500 గుర్తొస్తోందని. అక్కడ జ్ఞాపకం అయిన శబ్దమే ఇక్కడ ఎగతాళి అయింది. తేడా ఇంజిన్లో కాదు, "లక్ష రూపాయల కారు" అనే పేరులో ఉందని నేననుకుంటాను. అన్నిటికన్నా చవక కారు అని ముద్ర పడటమే దెబ్బతీసిందని తర్వాత రతన్ టాటా గారే అన్నారు. మారుతీ 800కి ఉన్నవి మూడు సిలిండర్లే, దాన్నెవరూ లెక్కపెట్టలేదు కదా.

ఆ ముద్ర బరువు మా ఇంట్లో ఒకరోజు బాగా తెలిసింది. అక్కకి పెళ్ళిచూపులు. పొద్దున్నే పిన్ని "కారు షాపు దగ్గర పెట్టి రండి, ఇంటి ముందు వద్దు" అంది. బాబాయ్ మారుమాట్లాడకుండా తీసుకెళ్ళి, నడిచి వచ్చాడు. వాళ్ళు వచ్చారు, జీడిపప్పు ఉప్మా తిన్నారు, వెళ్ళారు. ఆ సంబంధం వేరే కారణాలతో కుదర్లేదులెండి. రాత్రి పదింటికి నేనూ బాబాయ్ కారు తెచ్చుకోవడానికి వెళ్ళాం. తాళం తిప్పాక కూడా ఆయన గేరు వెయ్యలేదు. కాసేపు అలాగే ఇంజిన్ వింటూ కూర్చున్నాడు.

"చేతక్ మీద నలుగురం వెళ్ళేవాళ్ళంరా. మీ అక్క ముందు నిలబడేది. గుంటూరు నుంచి వస్తుంటే వానొస్తే మీ పిన్ని కొంగు తీసి చిన్నాడికి కప్పేది. ఆటోలా మోగితే మోగనీ. తడవట్లేదుగా."

పిన్నిని తప్పుపట్టలేను. పెళ్ళిళ్ళ దగ్గర, ఫంక్షన్ హాళ్ళ దగ్గర వాచ్‌మన్ చూసే చూపులన్నీ ఆవిడకి పడ్డాయి. బాబాయ్ స్టీరింగ్ చూసుకుంటాడు, చూపులు ఆవిడ చూస్తుంది. యజమాని అభిప్రాయం ఏంటని మనం ఒకరినే అడుగుతాం గానీ, ఒక కారుకి ఇంట్లో నలుగురు యజమానులుంటారు. అక్కకైతే అది డ్రైవింగ్ నేర్చుకున్న బండి. 4 మీటర్ల టర్నింగ్ రేడియస్ తో మా సందులో ఒకే తిప్పుకి తిరుగుతుందని ఇప్పటికీ గొప్ప చెప్తుంది.

2018 తర్వాత నానోలు తయారుకావడం లేదు. పోయినేడు మా కారు రిజిస్ట్రేషన్ కి 15 ఏళ్ళు నిండాయి. పాత బళ్ళు కొనేవాడొకడు వచ్చి ముప్పై వేలు ఇస్తానన్నాడు. తమ్ముడు ఇచ్చేద్దామన్నాడు, పిన్ని ఏమీ అనలేదు. మెకానిక్ మాత్రం వెనక మూత విప్పి చాలాసేపు చూసి, "ఇంజిన్ కేం కాదు సార్. రబ్బరు సామాన్లు, పైపులు మార్చాలి, బెజవాడలో దొరుకుతాయి" అన్నాడు. బాబాయ్ ఆ వారమే పైపులు మార్పించాడు, గ్రీన్ ట్యాక్స్ కట్టాడు, ఫిట్‌నెస్ చేయించాడు. ఇంకో ఐదేళ్ళకి కాగితం వచ్చింది.

ఎప్పుడూ వెనక కూర్చునే పిన్ని ఈమధ్య ముందు సీట్లోకి మారింది. అక్కడ శబ్దం తక్కువట.