శ్రుతిదోషం

అద్దం మీది మరకను తన ముఖం మీది మరకగా భ్రమించినవాడు ముఖాన్ని ఎంత కడుగుకున్నా ఫలితం ఉండదు. ధ్వనిని సరిదిద్దే పనిలోనూ ఇటువంటి భ్రమకు తావుంది. ఇళ్లలో పాటలు వినడానికి వాడే స్పీకర్లు చాలావరకు చెవికి ఇంపుగా ఉండేటట్లు ధ్వనికి మెరుగులు దిద్దుతాయి. స్టూడియో మానిటర్ స్పీకర్లు అలా కాదు. ఉన్నదానిని ఉన్నట్లు వినిపించడమే వాటి ధర్మం. అటువంటి సాక్షియే అబద్ధమాడితే నిర్దోషికి శిక్ష పడుతుంది.

హైదరాబాదులో స్థిరపడిన ఒక విశ్రాంత ఉద్యోగి తండ్రి హరికథకులు. ఆయన కన్నుమూసిన తరువాత కుటుంబానికి మిగిలిన ఆస్తి ఇరవై ఏడు క్యాసెట్లు. ఏటేటా జీర్ణిస్తున్న ఆ టేపులలోని కథలను కంప్యూటరులోకి ఎక్కించి భద్రపరచాలని కుమారుడు సంకల్పించాడు. అందుకోసం పాత మానిటర్ స్పీకర్ల జత ఒకటి కొని పని ప్రారంభించాడు.

తండ్రిది ఒకటిన్నర శ్రుతి. ఆ శ్రుతిలో తంబురా మీది మంద్ర పంచమం సెకనుకు సుమారు 104 సార్లు కంపిస్తుంది. అయితే టేపు వినిపించినప్పుడల్లా ఆ పంచమం నిలకడగా లేక, అలలవలె ఊగిసలాడుతున్నట్లు తోచింది. తంబురా సరిగా శ్రుతి చేయలేదనుకున్నాడు కుమారుడు. ధ్వనిని సవరించే సాఫ్ట్‌వేరుతో ఆ ప్రాంతపు నాదాన్ని తగ్గించివేశాడు. అలా తొమ్మిది క్యాసెట్లు పూర్తయ్యాయి.

ఒకనాడు వృద్ధురాలైన తల్లికి వాటిని వినిపించాడు. ఆమె కొంతసేపు విని, “ఇదేమిటి నాయనా, మీ నాన్నగారి గొంతు ఇంత పలచగా ఉండేది కాదే! తంబురా ఏమైంది?” అన్నది. “నాన్నగారి శ్రుతి కుదరలేదమ్మా, తీసివేశాను” అన్నాడు. “శ్రుతి కుదరనిదే ఆయన పెదవి విప్పేవారు కాదురా” అని ఆమె ఊరుకున్నది.

ఆ మాట అతనికి నిద్ర పట్టనీయలేదు. నడిరాత్రి లేచి, పంకా ఆపి, టేపు నడిపించి మధ్యలో నిలిపివేశాడు. కథ ఆగినా ఒక సన్నని ఝుంకారం ఆగలేదు. ఇన్నాళ్లూ పంకా చప్పుడు దానిని కప్పివేసింది. అది ఎడమ స్పీకరు నుండి వస్తున్నది.

దోషం ఎక్కడున్నదో తేల్చడానికి మన తార్కికులు అన్వయ వ్యతిరేకాలనే పద్ధతిని చెప్పారు. ఏది ఉంటే దోషం ఉంటుందో, ఏది లేకుంటే ఉండదో పరిశీలించడమే ఆ పద్ధతి. కుమారుడు అదే చేశాడు. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేశాడు. కుడి ఎడమల తీగలను తారుమారు చేసినా ఝుంకారం ఎడమ స్పీకరునే అంటిపెట్టుకున్నది. తీగను పూర్తిగా పెరికివేసినా, ధ్వనిని తగ్గించే మీటను చివరికంటా తిప్పినా అది తగ్గలేదు. కనుక దోషం టేపులో లేదు, తీగలో లేదు. స్పీకరు లోపలి విద్యుత్ సరఫరా భాగంలోనే ఉండాలి.

మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది. స్పీకరులోని డయోడ్లు దానిని ఒకే దిశకు మళ్లించినప్పుడు సెకనుకు 100 అలలు మిగులుతాయి. ఆ అలలను అణచి, చెరువు వాన నీటిని నిలిపి కాలువకు నిలకడగా వదిలినట్లు, విద్యుత్తును సమంగా అందించేది కెపాసిటర్. పెట్టెలోని వేడికి దానిలోని ద్రవం క్రమంగా ఇంకిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుర్దాయం సుమారు సగమవుతుందని సాంకేతికులు చెబుతారు. పూడిపోయిన చెరువువలె అది పనికిరాకపోగానే 100 కంపనాల ఝుంకారం బయటికి వస్తుంది. ఆ 100, తంబురాలోని 104 ఒకదానితో ఒకటి ఒరసుకొని, సెకనుకు నాలుగుసార్లు ఊగిసలాటను పుట్టించాయి.

కెపాసిటర్‌తో చెలగాటం కూడదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా దానిలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. దానికి పూర్వరూపమైన గాజు సీసాతో 1746లో లేడెన్ నగరంలో ప్రయోగాలు చేసినవారు తీవ్రమైన విద్యుదాఘాతానికి లోనయ్యారు. అందుచేత కుమారుడు తెలిసిన రేడియో మెకానిక్కును ఇంటికి పిలిపించి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ప్లగ్గు తీసి, నిలిచిన విద్యుత్తును రెసిస్టరు ద్వారా పోనిచ్చి, మల్టీమీటరుతో సున్నా చూచుకున్న తరువాతనే లోపల చేయి పెట్టారు. రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. కోఠిలోని అంగడి నుండి అదే సామర్థ్యం, అదే వోల్టేజి గల వాటిని, 105 డిగ్రీల వేడికి తట్టుకొనే రకంవి తెచ్చి, ఋణధ్రువాన్ని తెలిపే చార గుర్తు చూచి, సోల్డరింగ్ చేశారు. ఖర్చు వంద రూపాయలు దాటలేదు.

ఆ సాయంకాలం తల్లి సమక్షంలో సవరించని టేపును వినిపించాడు. పంచమం దీపశిఖవలె నిశ్చలంగా నిలిచింది. ఆమె ఏమీ అనలేదు. కన్నులు మూసుకొని విన్నది.

కుమారుడు ఎనిమిది క్యాసెట్లను మళ్లీ మొదటి నుండి ఎక్కించాడు. తొమ్మిదవది మొదటిసారి నడిపినప్పుడే తునాతునకలైపోయింది. దానిలోని కథ ఆ పలచని గొంతుతోనే మిగిలింది. దానిని అతడు చెరిపివేయలేదు. పైన ఒక చీటీ అంటించి, “ఇందులోని దోషం నాన్నగారిది కాదు” అని వ్రాసి పెట్టాడు.