సుబ్బారావు ఓటములు: మెట్రిక్ ఒక్కటే కాదు

అమెరికాలోని తెలుగు సభల్లో యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) ప్రస్తావన వస్తే కథ సాధారణంగా మెట్రిక్యులేషన్ దగ్గరే మొదలవుతుంది. భీమవరంలో పుట్టిన కుర్రాడు ఆ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కి, చివరికి పెద్ద శాస్త్రవేత్త అయ్యాడని పిల్లలకు చెబుతారు. నిజమే. కానీ తప్పిన పరీక్ష మళ్ళీ కట్టి నెగ్గినవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. ఆయన ఓటముల్లో నేర్చుకోదగ్గవి ప్రయోగశాలలో ఎదురయ్యాయి.

అక్కడిదాకా చేరడమూ తేలిక కాలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడికి కోపం వచ్చింది, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాయే దక్కింది. మామగారి సాయంతో బోస్టన్ చేరి, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. ఆయనలాంటి భారతీయులు అమెరికా పౌరులయ్యే దారిని 1923లో అక్కడి సుప్రీంకోర్టు మూసేసింది. 1946లో గాని చట్టం దాన్ని తెరవలేదు. గ్రీన్‌కార్డు వరసలో విసుగెత్తినవారు ఈ రెండు సంవత్సరాలనూ గుర్తుంచుకోవచ్చు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ కొలత చేతికొచ్చాకే కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ వారికి చిక్కాయి. అయినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ మందుల సంస్థలో చేరారు.

కాలేయపు సారంలో పెర్నీషియస్ అనీమియా అనే రక్తహీనతను తగ్గించే పదార్థమేదో ఉందని అప్పటికే తెలుసు. దాన్ని పట్టుకోవాలన్నది సుబ్బారావు చిరకాల పట్టుదల. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది ఆ రోగుల రక్తాన్ని బాగుచేసింది గాని నరాల క్షీణతను ఆపలేకపోయింది. కావలసిన పదార్థం బి12 విటమిన్. 1948లో దాన్ని వేరుచేసినవారు వేరొకరు. అంటే వెతికింది దొరకలేదు. దొరికినదాని విలువ మాత్రం తక్కువ కాదు: ఫోలిక్ ఆమ్లం స్ప్రూ అనే పేగుల వ్యాధికి పనిచేసింది. సుబ్బారావు సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో పోయింది ఆ జబ్బుతోనే.

రెండో దెబ్బ ఇంకా గట్టిది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. ఇలాంటి ఫలితం చూశాక ఆ దారి వదిలేయడమే ఎవరికైనా సహజం. ఫార్బర్ మాత్రం ప్రశ్నను తిరగేశాడు: ఫోలిక్ ఆమ్లం జబ్బును పెంచుతుంటే, దాని పనికి అడ్డుపడే పదార్థం ఆపాలి కదా? అలాంటి అణువులను తయారుచేయగల నేర్పు సుబ్బారావు బృందానికి ఉంది. ఫోలిక్ ఆమ్లం రూపాన్ని కొద్దిగా మార్చి తయారుచేసిన అమినోప్టెరిన్ బోస్టన్ చేరింది. అది ఫోలిక్ ఆమ్లం చోటును ఆక్రమిస్తుంది, పని మాత్రం చేయదు. దాంతో వేగంగా విభజన చెందే కణాలకు కొత్త డీఎన్ఏ తయారు కాదు. పట్టుదల అంటే అదే తలుపును మళ్ళీ మళ్ళీ తట్టడమనుకునేవారు ఈ ఘట్టాన్ని చూడాలి.

1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గింది, అదీ తాత్కాలికంగానే. లుకేమియా మందుకు లొంగుతుందని తేలడమే అప్పటికి పెద్ద విషయం. ఆ ఆగస్టులోనే సుబ్బారావు 53 ఏళ్ళకు కన్నుమూశారు. అమినోప్టెరిన్ తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్‌ను పిల్లల లుకేమియాకు ఇతర మందులతో కలిపి నేటికీ ఇస్తున్నారు, కీళ్ళవాతానికీ వాడుతున్నారు. గోదావరి జిల్లాల్లో బోదకాలు నివారణకు పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన ప్రయోగశాల నుంచి వచ్చిందే.