క్యూ మొదట నిలబడ్డ మనిషి

క్యూల సంగతి నాకొకరు చెప్పనక్కర్లేదండీ. రైల్వేలో బుకింగు గుమాస్తాగా 31 ఏళ్లు కిటికీకి ఇవతల కూర్చుని, అవతల క్యూలు చూసినవాణ్ణి. వెనక నిలబడ్డవాడు ఎప్పుడూ మంచివాడే. గొడవల్లా కిటికీ దగ్గరే. "అయ్యా, బండి కదిలిపోతోంది, ఒక్క టిక్కెట్టు" అంటూ పక్కనుంచి ఓ చెయ్యి దూరుతుంది చూడండి, దానికి టిక్కెట్టిచ్చామా, ఆ పూటకిక క్యూ లేనట్టే. ఆ దేశంలో వాళ్లకి మాత్రం క్యూ పుట్టుకతోనే అబ్బిందని మనవాళ్లు చెప్పుకుంటారు. 2023 జనవరి దాకా నేనూ నమ్మాను.

అప్పుడు మా రెండో అమ్మాయి వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. చదువు సాగే రోజుల్లో విద్యార్థులు వారానికి 20 గంటల దాకా పని చేసుకోవచ్చు. అంచేత ఒక హోటల్లో బుధవారాలూ శనివారాలూ రాత్రి పనికి కుదిరింది. బల్లలు తుడిచి, గిన్నెలు సర్ది బయటపడేసరికి ఒంటిగంట. చలికాలంలో వాళ్ల ఒంటిగంట అంటే మన ఉదయం ఆరున్నర.

ఆ జనవరిలో ఒక గురువారం పొద్దున్న మా ఆవిడ డికాషన్‌కి నీళ్లు పడేసింది. ఫోను మోగింది. "ఏం లేదమ్మా, ఊరికే మాట్లాడుతూ ఉండు" అంది పిల్ల. ఏం లేదంటే ఏదో ఉన్నట్టే కదా!

టాక్సీ స్టాండులో మొదటి డ్రైవరు, రోథ్ వెళ్లాలనగానే తల అడ్డంగా ఊపాడట. రెండు మైళ్లు కూడా లేని దూరం. రెండోవాడూ అంతే. ఫోన్లో చూస్తే కిరాయి మామూలుకి రెండింతలు చూపించిందిట. ఈలోగా ఏ గుర్తూ లేని కారొకటి పక్కన ఆగి, రా, తక్కువకి దింపుతానన్నాడట ఒకడు. పిల్ల ఎక్కలేదు. నడవడం మొదలుపెట్టింది.

అరగంట సేపు మా ఆవిడ ఫోను చెవినుంచి తియ్యలేదు. పెరట్లో కరివేపాకు చెట్టు, పక్కవాళ్ల పెళ్లి పిలుపు, పాలవాడి లెక్క, అన్నీ చెప్పింది. నాకు మాత్రం అందులోంచి పిల్ల బూట్ల చప్పుడొక్కటే వినిపించింది. చివరికి తలుపు తాళం తిరిగిన చప్పుడు. అప్పుడు చూసుకుంటే పొయ్యి మీద నీళ్లిగిరిపోయి గిన్నె మాడి కూర్చుంది.

ఫిబ్రవరిలో నా ప్రయాణం ముందే కుదిరి ఉంది. "ఆ స్టాండేదో నేను చూసొస్తాను" అన్నాను మా ఆవిడతో. చూసి ఏం చేద్దామనుకున్నానో నాకే తెలీదు.

ఫిబ్రవరి 25, శనివారం. ఆవేళ కార్డిఫ్‌లో వేల్స్‌కీ ఇంగ్లాండుకీ రగ్బీ పందెం. ఊరి నడిమధ్యన 74 వేల మంది పట్టే స్టేడియం ఉంది. పందెం ముగిస్తే ఆ జనమంతా వీధుల్లోనే. ఇంగ్లాండు 20–10తో గెలిచింది. ఓడినవాళ్లూ తాగారు, గెలిచినవాళ్లూ తాగారు. పిల్ల వద్దంటున్నా వినకుండా అర్ధరాత్రికే హోటలు ముందు కాపలా కాశాను. ఇద్దరం సెయింట్ మేరీ స్ట్రీట్ వైపు స్టాండుకి నడిచాం. క్యూ చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. అయినా ఒక్క విషయం కంటబడింది. క్యూ నిలబడింది! తూలుతూనే నిలబడింది.

మొదట్లో ఒకావిడ ఉంది. మెరిసే పసుపుపచ్చ కోటు, చేతిలో వైర్‌లెస్సు, యాభై దాటిన వయసు. టాక్సీ మార్షల్ అంటారు నాన్నా, అంది పిల్ల. శుక్ర, శనివారాల రాత్రుళ్లూ, ఇలాంటి పందేల రోజులూ ఉంటారుట. అక్కడ చాలా ఊళ్లలో మునిసిపాలిటీ, పోలీసులు, ఊరిమధ్య వ్యాపారులు తలా కొంత వేసుకుని ఇలాంటివాళ్లని పెడతారు.

గంటసేపు ఆవిణ్ణే చూశాను, పాత గుమాస్తా కళ్లతో. పోలీసు అధికారమేమీ లేదు. అడుగుతుందంతే. ఎక్కడికి, ఎందరు? ఒకే వైపు వెళ్లేవాళ్లు విడివిడిగా ఉంటే వాళ్లకిష్టమైతే ఒక కారులో కలుపుతుంది. వేడివేడి ఛిప్స్ పొట్లం పట్టుకొచ్చిన కుర్రాణ్ణి, తినడం అయ్యాకే కారెక్కమని పక్కన నిలబెట్టింది. మధ్యలోకి దూరబోయిన ఆరడుగుల మనిషి భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూనే నడిపించుకుంటూ తీసుకెళ్లి చివర దింపి వచ్చింది. నేనా రోజుల్లో కిటికీలోంచి కేకలేసేవాణ్ణి. ఒకసారైనా లేచి బయటికి వెళ్లిన పాపాన పోలేదు.

మా వంతొచ్చింది. కార్డిఫ్ టాక్సీ అంటే నల్లటి కారు, ముందు బానెట్టు తెలుపు. రోథ్ అనగానే డ్రైవరు మొహం మాడ్చాడు. నాకు జనవరి గుర్తొచ్చింది. ఆవిడ కిటికీ దగ్గరికి వంగింది. కోప్పడలేదు. అతని బిళ్ల మీది నంబరు మాత్రం చూసింది. స్టాండులో ఉన్న టాక్సీ ఊరి హద్దుల్లోని బేరాన్ని తగిన కారణం లేకుండా కాదనకూడదని 1847 నాటి చట్టముంది. అతనికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. తలుపు తెరుచుకుంది.

డ్రైవరు సిల్హెట్ మనిషి. అతని హిందీ, నా హిందీ ఒకతల్లి బిడ్డల్లా ఉన్నాయి. మొదట నాకు కోపమే. దార్లో అతని గోడు వింటే సగం తగ్గింది. గంటసేపు వరసలో కారు పెట్టుకుని కూర్చుంటే అయిదు నిమిషాల బేరం తగులుతుంది. పోనీ దూరం బేరం దొరికితే, దిగి డబ్బివ్వకుండా పరిగెత్తేవాళ్లు. సీటు మీద వాంతి చేసుకుంటే ఆ రాత్రి సంపాదన అంతటితో సరి. "ఆవిడక్కడ లేకపోతే ఇలాంటి రాత్రి నేనీ స్టాండుకే రానండీ. మాలో చాలామంది రారు" అన్నాడు.

అప్పుడర్థమైంది నాకు. ఆవిడ మా అమ్మాయిని కాపాడటానికే ఉందనుకున్నాను. అతన్ని కూడా కాపాడుతోంది. డ్రైవర్లు భయపడి మానేస్తే క్యూ పెరుగుతుంది, పెరిగితే తోపులాట, అది చూసి విసిగినవాళ్ల పక్కన గుర్తులేని కారు వచ్చి ఆగుతుంది. అలాంటి కార్లకి ముందు బుక్ చేసుకోని బేరమైతే ఇన్సూరెన్సు కూడా వర్తించదని పిల్ల చెప్పింది.

మేం తలుపు తీసి లోపలికి వెళ్లేదాకా అతను దీపాలార్పకుండా కారు అక్కడే ఉంచాడు.

"బుధవారం పని మానెయ్యమ్మా" అన్నాను ఆ రాత్రి. బుధవారం స్టాండులో ఆ పచ్చకోటు ఉండదు కదా. "ఇంటద్దెలో సగం దాన్నుంచే నాన్నా" అంది. నా దగ్గర సమాధానం లేదు. నేను తిరిగి రాజమండ్రి వచ్చేశాను.

ఆ సెప్టెంబరులో చదువు ముగిసేదాకా గురువారాలు మా ఆవిడ ఫోను మోగకముందే డికాషన్ దింపేసి కూర్చునేది. మార్చి ఆఖర్న అక్కడి గడియారాలు గంట ముందుకు జరిపారు. అప్పట్నుంచి అయిదున్నరకే లేచాం.